కుట్టు మిషన్ వీడియోలు చేశాను, చూసినవాళ్లు మళ్లీ నాకే ఫోన్ చేస్తున్నారు

తెనాలి_కుట్లు:
నమస్తే అండి. 19 ఏళ్లుగా ఇంట్లోనే కుట్టుపని చేస్తున్నాను. పోయిన వేసవిలో మా వీధి అమ్మాయిలు ఆరుగురికి నేర్పితే బాగానే వచ్చింది. ఆ ధైర్యంతో, కొత్తగా మిషన్ కొనుక్కున్నవాళ్ల కోసం ఫోన్‌తో తొమ్మిది వీడియోలు తీశాను. దారం ఎక్కించడం దగ్గర్నుంచి లైనింగ్ జాకెట్టు దాకా.

పక్కన కూర్చోబెట్టుకుని చెబితే పది నిమిషాల్లో వచ్చేది, వీడియో చూసినవాళ్లకు రెండు రోజులైనా రావట్లేదు. నిన్న ఒకావిడ ఫోన్ చేసి "గుడ్డ కింద దారం గుత్తులు గుత్తులుగా వస్తోందక్కా" అంది. "వీడియోలో చెప్పాను కదమ్మా, టెన్షన్ చూసుకోమని" అన్నాను. "నేనేం టెన్షన్ పడట్లేదక్కా, నింపాదిగానే కుడుతున్నా" అంది. ఫోన్ పెట్టేశాక చాలాసేపు నవ్వుకున్నాను. తర్వాత వీడియో పెట్టి చూస్తే, టెన్షన్ స్క్రూ, అంటే దారం బిగువు సరిచేసే మర, ఎక్కడుంటుందో నేను చూపించనే లేదు.

ఆ వీడియో ఇక్కడ పెడుతున్నాను, 14 నిమిషాలుంది. దాంతోపాటు రెండు పేజీల కాగితం కూడా రాసి ఇద్దామనుకుంటున్నా. మంచి కెమెరా కొనాలా? మైకు కొనాలా? ఎక్కడ పొరపాటు జరుగుతోందో చెప్పండి.

ఎడిటింగ్_కుర్రాడు:
ఇప్పుడే ఏమీ కొనకండి అక్కా. ముందు ఫ్యాన్ ఆపండి, సగం మాటలు దాని రొదలోనే పోయాయి. మిషన్ తొక్కుతూ మాట్లాడొద్దు. వీడియో తీయడం అయ్యాక, దాన్ని చూస్తూ మాట విడిగా రికార్డ్ చేసి కలపండి. 14 నిమిషాల్లో మొదటి మూడు నిమిషాలు మీ పరిచయమే ఉంది, అది తీసేయండి. యూట్యూబ్‌లో పెడితే కింద వివరణలో సమయాలు రాయండి. మొదటిది 0:00 ఉండాలి, కనీసం మూడు భాగాలుండాలి, ఒక్కోటి 10 సెకన్లకు తగ్గకూడదు. అప్పుడు వీడియో ముక్కలుగా కనిపిస్తుంది. బాబిన్ (కింది దారం చుట్టే చిన్న చక్రం) దగ్గర ఆగిపోయినవాళ్లు నేరుగా అక్కడికే వెళ్తారు.

కొత్త_మిషన్_కరీంనగర్:
నేను ఆ ఫోన్ చేసినావిడను కాదు గానీ నాదీ అదే కథ. మిషన్ కొని మూడు వారాలైంది. మీ వీడియో పెట్టుకుని ఇప్పుడే కూర్చున్నా. ఎక్కడెక్కడ ఆగానో రాస్తున్నా, ఏమీ అనుకోకండి.

ఫోన్ మీకు ఎదురుగా పెట్టారు. మీ కుడి నాకు ఎడమగా కనిపిస్తోంది. దారం ఏ వైపు నుంచి వెళ్తోందో తల తిప్పి తిప్పి చూడాల్సి వచ్చింది. మీ భుజం మీదుగా తీస్తే నా మిషన్ నాకు ఎలా కనిపిస్తుందో అలాగే ఉంటుంది కదా.

నల్ల మిషన్ మీద నల్ల దారం. దేవుడికే కనిపించాలి.

"ఇలా తీసుకుని, ఇలా తిప్పి, ఇందులోంచి ఇలా" అంటారు. ఆ "ఇలా" జరిగే చోట మీ చెయ్యే అడ్డం.

ఇక అసలు సంగతి. నాకూ గుడ్డ కింద గుత్తులే వచ్చాయి. కింద వస్తోంది కాబట్టి తప్పు బాబిన్‌దే అనుకుని దాన్ని నాలుగుసార్లు విప్పాను. చివరికి మా పక్కింటి పెద్దమ్మ వచ్చి, ఫుట్ (సూది దగ్గర గుడ్డను నొక్కి పట్టే ముక్క) ఎత్తి, పై దారం మొత్తం తీసి మళ్లీ ఎక్కించింది. అంతే, కుట్టు చక్కగా పడింది. ఫుట్ దించి ఉంటే టెన్షన్ బిళ్లలు బిగిసి ఉంటాయట, దారం వాటి మధ్యలోకి దిగదట. మీ వీడియో మళ్లీ చూశాను. మీరూ ఫుట్ ఎత్తే ఎక్కించారు. కానీ నోటితో ఒక్కసారి కూడా చెప్పలేదు.

విమానాల_తాతయ్య:
అమ్మాయ్, నేను విమానాల మెయింటెనెన్స్‌లో పనిచేసి రిటైరయ్యాను. కుట్టు నాకు రాదు, మాన్యువల్ చూసి పని చేయడం వచ్చు. మా మాన్యువల్స్ రాయడానికి సింప్లిఫైడ్ టెక్నికల్ ఇంగ్లిష్ అని ఒక పద్ధతి ఉంది. పని చెప్పే వాక్యం 20 మాటలు దాటకూడదు. ఒక వాక్యంలో ఒకే పని. ఒక వస్తువుకు ఒకే పేరు.

ఆ 20 లెక్క తెలుగుకు సరిపోదు, మన మాటలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. మన రోగం వేరు. వీడియోలో నీ మాటే చూడు: "ఫుట్ దించి, దారం లాగి చూసి, బిగువు లేకపోతే స్క్రూ తిప్పి, పాతగుడ్డ మీద కుట్టి చూసుకుని అప్పుడు అసలు గుడ్డ పెట్టండి." దించి, లాగి, తిప్పి, కుట్టి అంటూ రైలుపెట్టెల్లా తగిలించావు. వినేవాళ్లు మూడో పెట్టె దగ్గరే దిగిపోతారు. కాగితం రాసేటప్పుడు ఒక్కో పెట్టెనూ విడదియ్యి. "ఫుట్ దించండి." చుక్క పెట్టు. "దారం మెల్లగా లాగండి." చుక్క.

ఫుట్‌ను ఒకచోట పాదం అన్నావు, ఇంకోచోట ప్రెషర్ అన్నావు. కొత్తవాళ్లు అవి రెండు వస్తువులనుకుని వెతుకుతారు.

ఇంకొకటి. "సూది మార్చేటప్పుడు కాలు పెడల్ మీద పెట్టకండి" అని సూది మార్చడం అయిపోయాక చెప్పావు. హెచ్చరిక ఎప్పుడూ పనికి ముందే రావాలి. వేలికి సూది దిగాక చదివి ఏం లాభం?

కాగితం ప్రింట్ చేయించే ముందు, మిషన్ ముట్టుకోని మనిషిని ఒకరిని కూర్చోబెట్టి అది చేతికివ్వు. నువ్వు వెనక కూర్చో. నోరు విప్పకు. అదే కష్టం.

ఎడిటింగ్_కుర్రాడు:
తాతయ్యగారూ, "రైలుపెట్టెలు" నేను వాడేసుకుంటున్నా 🙂

తెనాలి_కుట్లు:
అందరికీ థాంక్స్ అండి. కరీంనగర్ చెల్లీ, నిజం చెప్పనా, ఫుట్ ఎత్తి దారం ఎక్కిస్తానన్న సంగతి నువ్వు చెప్పేదాకా నాకే తెలీదు. చెయ్యి దాని పని అది చేసుకుపోతోంది. ఆ ఆరుగురికి ఎలా వచ్చిందా అని ఆలోచించాను. పక్కనే ఉన్నారు కదా, నా చెయ్యి చూసి ఎత్తేశారు.

ఈ ఆదివారం తాతయ్యగారు చెప్పినట్టే చేశాను. మా తోడికోడలికి మిషన్ అంటే భయం. కాగితం చేతికిచ్చి వెనక కూర్చున్నాను. రెండుసార్లు నాలుక కరుచుకున్నాను. దారం బాగానే ఎక్కించింది. బాబిన్ కేస్ (బాబిన్‌ను పెట్టే చిన్న డబ్బీ) దగ్గర ఇరుక్కుంది. "బాబిన్ కేస్ లోపల పెట్టండి" అని రాశాను, ఆవిడ పెట్టింది కూడా. వీల్ తిప్పగానే ఊడి కింద పడింది. కేస్ మీదున్న కొమ్ము పైకి ఉండాలని, "టిక్" అని వినపడేదాకా నొక్కాలని నేను రాయలేదు. ఇప్పుడు ఆ రెండూ రాశాను. "టిక్" మాత్రం పెద్ద అక్షరాలతో.

మళ్లీ తీసిన వీడియో నాలుగు నిమిషాలు వచ్చింది. తెల్లగుడ్డ, పైన ఎర్రదారం, బాబిన్‌లో ఆకుపచ్చ దారం. ఏ దారం తప్పు పడినా రంగే చెప్పేస్తుంది. "టెన్షన్" మాట మాత్రం మార్చలేదు, షాపులో స్పేర్ పార్టు అడగాలన్నా అదే అనాలి కదా. స్క్రూ పక్కన పసుపు స్టిక్కర్ మీద 3 అని రాసి అంటించాను, కాగితంలో ఫోటో మీద కూడా అదే 3.

ఫోన్‌ను భుజం మీదుగా పెట్టడానికి స్టాండు లేక, మా అబ్బాయిని స్టూలు మీద నిలబెట్టాను. వాడి చెయ్యి నొప్పెట్టి చివరి నిమిషం వీడియో ఊగింది. స్టాండు ఒక్కటీ కొనుక్కోవచ్చా, కుర్రాడూ?