అప్‌డేట్: దత్తత పాప కోసం ఎదురుచూస్తున్నాం

డల్లాస్‌లో ఉంటూ ఇండియా నుంచి పాపను దత్తత తీసుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి, సాయం ఎవరు చేస్తారు అని పోయినేడాది అడిగాను. బంధువుల ద్వారా నేరుగా అనాథాశ్రమానికి వెళ్లొద్దని గట్టిగా చెప్పినవాళ్లకు చాలా థాంక్స్, మీరు చెప్పిందే నిజం. కారా (దత్తతలు చూసే భారత ప్రభుత్వ సంస్థ) గుర్తింపు ఉన్న ఇక్కడి ఏజెన్సీ ద్వారానే వెళ్లాం. హోమ్ స్టడీ (సోషల్ వర్కర్ మా కుటుంబం గురించి చేసే పరిశీలన) అయింది, దత్తతకు మేము తగినవాళ్లమని అమెరికా ఇమిగ్రేషన్ ఇచ్చే ఐ-800ఏ అప్రూవల్ వచ్చింది, ఇక రిఫరల్, అంటే ఫలానా పాప అని వివరాలు పంపడం, రావాలి.

హోమ్ స్టడీ అంటే ఇల్లు చూస్తారని టెన్షన్ పడ్డాను గానీ, సోషల్ వర్కర్ ఎక్కువగా అడిగింది మా చిన్నతనం గురించి, గొడవపడితే ఎలా సర్దుకుంటాం, ఇంట్లో పెద్దవాళ్లు పాపను మనస్ఫూర్తిగా తమదనుకుంటారా అని. ఆ రాత్రే అత్తయ్యగారికి ఫోన్ చేశాను. "నా మనవరాలమ్మా, అడగాలా?" అన్నారు, ఇద్దరం ఏడ్చేశాం.

దత్తత తీసుకునే తల్లిదండ్రులకు కనీసం 10 గంటల ట్రైనింగ్ తప్పనిసరి, కానీ దాన్ని మొక్కుబడిగా చేయకండి. ఆశ్రమం నుంచి వచ్చిన పిల్లలు కొందరు తిండి దాచుకుంటారని, అప్పుడు తిట్టకూడదని నాకు అక్కడే తెలిసింది. రిఫరల్ వచ్చాక పాప మెడికల్ రిపోర్టు చదివి చెప్పడానికి ఇక్కడి కొన్ని పిల్లల ఆసుపత్రుల్లో ఇంటర్నేషనల్ అడాప్షన్ క్లినిక్‌లు ఉంటాయి, ఒకచోట ముందే మాట్లాడి పెట్టుకున్నాం.