పానిక్ బార్ నొక్కినా లాచ్ ఇరుక్కుంటోంది

ప్రశ్న: ఎమర్జెన్సీ ఎగ్జిట్ తలుపు పానిక్ బార్ (తలుపు తెరవడానికి నొక్కే అడ్డ కడ్డీ) నొక్కితే లాచ్ (తలుపును పట్టి ఉంచే నాలుక) సగమే లోపలికి పోతోంది. భుజంతో నెట్టాల్సి వస్తోంది. బార్ మొత్తం మార్చాలా?

జవాబు 1: అప్పుడే మార్చకండి. తలుపు తెరిచిపెట్టి బార్‌ను పదిసార్లు నొక్కి చూడండి. అప్పుడు లాచ్ తేలిగ్గా ఆడితే తప్పు లాక్‌ది కాదు, తలుపు కుంగి ఉండొచ్చు. ముందు పై కీలు స్క్రూలు బిగించండి. చాలాసార్లు దాంతోనే సరిపోతుంది. తగ్గకపోతే లాచ్‌కి మార్కర్ ఇంకు పూసి తలుపు వేయండి. స్ట్రైక్ ప్లేటుకు (చౌకట్టు మీద లాచ్ దిగే రేకు) ఎక్కడ రాసుకుంటోందో మరక పడుతుంది, ప్లేటును 1–2 మి.మీ. జరపండి. ఫైర్ డోర్ (మంటలు వ్యాపించకుండా ఆపే తలుపు) అయితే లాచ్‌ను ఆకురాయితో అరగదీయడం మాత్రం వద్దు.

ప్రశ్న అడిగినవారు: తెరిచి ఉన్నప్పుడూ పట్టేస్తోందండీ.

జవాబు 2: అయితే తేడా లోపలే. బార్ మూత విప్పి స్ప్రింగ్ విరిగిందేమో, బేస్ ప్లేటు (బార్‌ను తలుపుకు పట్టి ఉంచే పలక) స్క్రూలు వదులయ్యాయేమో చూడండి. పాత జిడ్డంతా తుడిచి టెఫ్లాన్ డ్రై స్ప్రే కొద్దిగా కొట్టండి. నూనె పోస్తే దుమ్ము పట్టి మళ్లీ బిగుసుకుంటుంది. స్ప్రింగ్ విరిగి ఉంటే అదే మోడల్ స్ప్రింగే వేయాలి.

జవాబు 1: బాగయ్యేదాకా గడియ, గొలుసు లాంటివి అదనంగా తగిలించకండి, దయచేసి. లోపల మనుషులుంటారు.