ఢిల్లీ సేఫ్టీ సదస్సుకి ఒక్కటే సీటు: కార్యదర్శి పోవాలా, టిప్పర్ డ్రైవర్ పోవాలా?

బల్లార్షా_బండి:
అందరికీ నమస్తే. బల్లార్షా, రాజురా, గడ్‌చందూర్, చంద్రపూర్ చుట్టుపక్కల తెలుగువాళ్ళం ఇక్కడ చాలామందిమే ఉన్నాం కదా, అందుకే ఇక్కడ అడుగుతున్నా. వచ్చే నెల ఢిల్లీలో పనిచోట భద్రత, ఆరోగ్యం మీద రెండు రోజుల జాతీయ సదస్సు ఉంది. మా యూనియన్ శాఖకి ఒక్క సీటు ఇచ్చారు. ఫీజు, రైలు, బస, తిండి కలిపితే 14 వేల దాకా అవుతుంది, అంతా శాఖ ఫండ్ నుంచే. ఆదివారం మీటింగ్‌లో పేరు ఖాయం చెయ్యాలి. సగం మంది కార్యదర్శి గారిని పంపుదాం అంటున్నారు, ఆయనకి హిందీ, ఇంగ్లీషు వచ్చు, స్టేజీ ఎక్కి మాట్లాడగలడు. నేనేమో ఓబీలో టిప్పర్ నడిపే కాంట్రాక్టు మనిషిని పంపుదాం అన్నా. అనగానే నవ్వారు. ఎవరినీ పంపొద్దు, ఆ డబ్బు ఫండ్‌లోనే ఉంచుదాం అన్నవాళ్ళూ ఉన్నారు. (గని సంగతి తెలియనివాళ్ళకి: ఓబీ అంటే బొగ్గు మీద ఉండే మట్టి, రాయి. మా దగ్గర అది తీసి పారబోసే పని మొత్తం కాంట్రాక్టే.) మీరేమంటారు?

రాజురా_రాజన్న:
ఎవరూ పోవద్దు. నేను ఒకసారి పోయి వచ్చినవాణ్ణే, ఫ్యాక్టరీలో ఫిట్టర్‌గా ఉన్నప్పుడు హైదరాబాద్‌లో ఒక సదస్సుకి పంపారు. పోగానే మెడలో బిళ్ళ వేసి, చేతిలో బ్యాగు పెట్టి, అందులో ఒక డైరీ, పెన్ను. బయట హెల్మెట్లు, బూట్లు అమ్మే స్టాళ్ళు. లోపల ఒకాయన తెర మీద బొమ్మలు తిప్పుతూ ప్రమాదాలు సున్నాకి రావాలి, సున్నాకి రావాలి అని గంటన్నర చెప్పాడు. మధ్యాహ్నం భోజనం మాత్రం బాగుంది, అబద్ధం ఎందుకు. తిరిగొచ్చాక డ్యూటీకి పోతే మా కన్వేయర్ బెల్టు పక్కన పుల్ కార్డ్ (బెల్టులో చెయ్యి చిక్కితే లాగి ఆపే తాడు) నేను పోయేముందు ఎక్కడ తెగిందో అక్కడే తెగి వేలాడుతోంది. ఏటా మార్చి 4న సేఫ్టీ డే అని బ్యానర్ కట్టి, చెయ్యి చాచి ప్రతిజ్ఞ చేయిస్తారు చూడు, ఈ సదస్సు దానికి పెద్దన్న. 14 వేలు దండగ.

పాత_ఓవర్‌మన్:
రాజన్నా, నీ పుల్ కార్డ్ సంగతి నిజమే గానీ దాంతో అన్నీ దండగ అనేస్తే ఎలా? నేను అండర్‌గ్రౌండ్‌లో 34 ఏళ్ళు చేసి దిగిపోయినవాణ్ణి, నాకు తెలిసింది చెప్తా. 1958 ఫిబ్రవరిలో బెంగాల్‌లో అసన్‌సోల్ దగ్గర చినాకురి గనిలో పేలుడు జరిగి 170 మందికి పైగా పోయారు. ఆ ఏడాదే గనుల భద్రత మీద మొదటి జాతీయ సదస్సు పెట్టారు, ప్రభుత్వం, యాజమాన్యాలు, యూనియన్లు మూడూ ఒకే చోట కూర్చునేలా. తర్వాత ఇన్నేళ్ళలో పన్నెండో సదస్సు దాకా వచ్చింది, అది 2020 జనవరిలో ఢిల్లీలో అయింది. గనుల్లో ఐఎస్ఓ అంటాం కదా, ఇంటర్నల్ సేఫ్టీ ఆర్గనైజేషన్, అంటే కంపెనీ సొంత భద్రతా విభాగం, అదీ, భద్రతలో కార్మికుడికీ మాట ఉండాలన్న ఆలోచనా ఈ సదస్సుల్లో నలిగి నలిగి బలపడ్డవే. 500 మంది పైన ఉన్న గనిలో వర్క్‌మెన్ ఇన్‌స్పెక్టర్లు (కార్మికుల తరఫున గని తనిఖీ చేసేవాళ్ళు) ముగ్గురు ఉండాలి, ఒకరు తవ్వకానికి, ఒకరు కరెంటుకి, ఒకరు మెషిన్లకి. యూనియన్‌తో మాట్లాడాకే వాళ్ళని పెట్టాలని 1955 గనుల రూల్స్‌లో ఉంది. నేనూ నాలుగేళ్ళు అలా తిరిగాను. తనిఖీ రిజిస్టర్‌లో నేను రాసింది ఎవరు చదివారన్నది వేరే కథలే, అది ఎత్తితే తెల్లారుతుంది.

అయితే బండీ, నా ఓటు మీ కార్యదర్శికే. అక్కడ మైకు ముందు రెండు నిమిషాలు దొరుకుతుంది. నోరున్నవాడు కావాలి. పాపం డ్రైవర్‌ని తీసుకుపోయి ఆ చల్లటి హాల్లో కూర్చోబెడితే నిద్రపోయి వస్తాడు.

సేఫ్టీ_తమ్ముడు:
నేను సిమెంటు వైపు సేఫ్టీలో చేస్తా, కంపెనీ ఖర్చుతో ఇలాంటి వాటికి మూడుసార్లు పోయాను కాబట్టి రెండు వైపులా చెప్తా. స్టేజీ మీద చెప్పేది ఎక్కువ ఇంగ్లీషే, కాకా అన్నట్టు నిద్ర వస్తుంది, నాకూ వచ్చింది. కానీ నేను నిజంగా నేర్చుకున్న ఒక్క విషయం టీ దగ్గర నేర్చుకున్నా. మా దగ్గర లారీ లోడయ్యాక పైకెక్కి టార్పాలిన్ కట్టే పిల్లలు జారి పడడం మామూలే, పడ్డవాడు హెల్మెట్ పెట్టుకోలేదు అని రాసి ఫైలు మూసేవాళ్ళం. రాజస్థాన్ నుంచి వచ్చిన ఒకాయన టీ తాగుతూ తన ఫోన్‌లో ఫొటో చూపించాడు. లారీ నిలబడే చోట పైన ఇనుప తాడు కట్టి, దానికి బెల్టు తగిలించుకొని లారీ ఎక్కుతున్నారు. జారితే గాల్లో వేలాడతాడు, నేల మీద పడడు. తిరిగొచ్చి అదే ఫొటో మా వాళ్ళకి చూపించి ఎనిమిది నెలలు వెంటబడితే ఒక బేలో పెట్టారు. ఒక్క బేలో. అయినా పెట్టారు.

ఇంకొకటి, కొత్త లేబర్ కోడ్‌లు 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చాయి. 1948 ఫ్యాక్టరీల చట్టంలో వెయ్యి మంది ఉంటే సేఫ్టీ ఆఫీసర్ తప్పనిసరి. కొత్త కోడ్‌లో ఫ్యాక్టరీకి 500, ప్రమాదకరమైన పని ఉంటే 250, గనికి 100. సేఫ్టీ కమిటీ పెడితే అందులో కార్మికుల వైపు మనుషులు యాజమాన్యం వైపు వాళ్ళకంటే తక్కువ ఉండకూడదు. ఈ సదస్సులో సగం మాటలు దీని మీదే నడుస్తాయి అనుకుంటున్నా. మరి ఆ కార్మికుల వైపు కుర్చీల్లో కాంట్రాక్టువాడు కూర్చుంటాడా లేదా, అది అడిగేవాడు హాల్లో ఉండాలి కదా అన్నా.

వర్ధా_ఒడ్డు:
నేను ఇక్కడ ఎక్కువ రాయను, చదువుతూ ఉంటా. కానీ నిద్రపోయి వస్తాడు అన్న మాట దగ్గర ఆగలేకపోయాను. మా ఆయన తొమ్మిదేళ్ళుగా ఓబీ టిప్పర్ మీద ఉన్నాడు. ఈ తొమ్మిదేళ్ళలో ముగ్గురు కాంట్రాక్టర్లు మారారు, బండి రంగు మారింది, రోడ్డు అదే, దుమ్ము అదే. కాంట్రాక్టర్ మారినప్పుడల్లా ఈయన కాగితాల మీద కొత్తవాడు అవుతాడు. గనిలో పనిచేసే ప్రతి మనిషికీ చేరేముందు మెడికల్ చెయ్యాలి, తర్వాత అయిదేళ్ళకి మించకుండా పీఎంఈ (పీరియాడిక్ మెడికల్ ఎగ్జామినేషన్, మళ్ళీ మళ్ళీ చేసే ఆరోగ్య పరీక్ష) చెయ్యాలి, ఛాతీ ఎక్స్‌రేతో సహా, ఇది రూలే కదా. మా ఆయనకి చేరేటప్పుడు ఒకసారి చేశారు. వేలిముద్ర వేయించుకున్నారు, కాగితం చేతికి ఇవ్వలేదు. అయిదేళ్ళు నిండేలోపే కాంట్రాక్టర్ మారితే ఆ అయిదేళ్ళ లెక్క మళ్ళీ మొదటికి వస్తుంది. ఇలా అయితే మనిషికి యాభై ఏళ్ళు వచ్చినా పీఎంఈ రాదు.

మే నెలలో ఇక్కడ ఎండ ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు, 45, 46 దాటుతుంది. క్యాబిన్‌లో ఏసీ ఉంటుంది గానీ చల్లగాలి రాదు, అద్దం దింపితే ఇసుకరాయి దుమ్ము, ఎక్కిస్తే పొయ్యి. వాటర్ ట్యాంకర్ పొద్దున ఒకసారి రోడ్డు తడుపుతుంది, పది గంటలకల్లా ఆరిపోతుంది. ఇంటికొచ్చి స్నానం చేస్తే బకెట్ అడుగున ఎర్రటి ఇసుక నిలుస్తుంది, అది చూసినప్పుడల్లా లోపలికి ఎంత పోయిందో అనిపిస్తుంది. సిలికోసిస్ (రాతి దుమ్ముతో వచ్చే ఊపిరితిత్తుల జబ్బు) వస్తే నయం చేసే మందు లేదని డాక్టరమ్మే చెప్పింది, ముందే పట్టుకుని ఆ దుమ్ములోంచి మనిషిని తప్పించడమే. ముందే పట్టుకోవాలంటే ఎక్స్‌రే ఉండాలి కదా? పాత ఎక్స్‌రే పక్కన పెట్టి చూడాలి కదా? కార్యదర్శి గారు మంచి మనిషే, కాదనను. ఆయన పర్మనెంట్, ఆయన ఫైలు ఆసుపత్రిలో భద్రంగా ఉంటుంది. ఈ ప్రశ్న ఆయనకి ఎందుకు గుర్తొస్తుంది?

రాజురా_రాజన్న:
చెల్లె, నువ్వు చెప్పింది చదివాక కడుపులో తిప్పింది. అయినా నా మాట అదే. ఈ ప్రశ్నకి ఢిల్లీ ఎందుకు? గనుల భద్రత డైరెక్టరేట్ ఆఫీసు నాగ్‌పూర్‌లో ఉంది, రైల్లో మూడు నాలుగు గంటలు. పదిమంది డ్రైవర్లు కలిసి ఒక కాగితం రాసి అక్కడ ఇచ్చి, ముద్ర వేయించుకుని రండి. 14 వేలలో వెయ్యి కూడా ఖర్చు కాదు.

పాత_ఓవర్‌మన్:
నాగ్‌పూర్‌లో ఇస్తే మీ గనికి ఒక ఇన్‌స్పెక్షన్ వస్తుంది, ఆ రోజు ట్యాంకర్ నాలుగుసార్లు తిరుగుతుంది. వద్దనడం లేదు, ఇవ్వండి. కాకపోతే కాంట్రాక్టర్ మారితే మెడికల్ లెక్క మొదటికి రావడం ఒక్క గనిది కాదు, ఓబీ కాంట్రాక్టు ఉన్న ప్రతిచోటా ఇదే తంతు. చేసిన పీఎంఈ కాగితం మనిషి వెంట పోవాలి, కాంట్రాక్టర్ వెంట కాదు. ఇది సిఫార్సుగా వెళ్ళాల్సిన మాట. అమ్మా, నిద్ర మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ భాష సంగతి మాత్రం ఆలోచించండి, అక్కడ తెలుగులో చెప్తే వినేవాడు ఉండడు.

బల్లార్షా_బండి:
కాకా చెప్పిన ఆ ఒక్క ముక్క, కాగితం మనిషి వెంట పోవాలి అన్నది, అదే మన తరఫు ప్రశ్న అయితే సరిపోతుంది అనిపిస్తోంది. పది కోరికలు మోసుకెళ్తే ఒక్కటీ వినరు. ఒక పేజీ హిందీలో రాయిద్దాం, తేదీలతో, ఏ ఏడాది ఏ కాంట్రాక్టర్ కింద, మెడికల్ ఎప్పుడు అయింది, కాగితం ఇచ్చారా లేదా. పేర్లు వద్దు, డ్రైవర్ ఒకటి, డ్రైవర్ రెండు అని రాద్దాం. మొదలుపెట్టినప్పుడు నాకు ఇంత స్పష్టత లేదు, ఊరికే కార్యదర్శి మీద కోపంతో అన్నానేమో కూడా.

పేరెందుకు_లే:
ఇంతసేపు నా గురించే మాట్లాడుకుంటున్నారు కాబట్టి రాస్తున్నా. నేను ఓబీ డ్రైవర్‌నే. కాకా, భాష గురించి భయపడకండి, పదకొండేళ్ళుగా బీహార్, జార్ఖండ్ వాళ్ళతో క్యాబిన్లు పంచుకుని తింటూ పడుకుంటూ ఉన్నాం, హిందీలో తిట్టడం కూడా వచ్చు. రెండు నిమిషాలు ఇస్తే చెప్తా. ఇంగ్లీషులో వాళ్ళు చెప్పేది నాకు అర్థం కాకపోతే ఏమైంది, నేను చెప్పేది వాళ్ళకి అర్థమైతే చాలదా?

అసలు ఇబ్బంది వేరే. పోను, రాను, అక్కడ రెండు రోజులు కలిపితే నాకు నాలుగు డ్యూటీలు పోతాయి. నాలుగు డ్యూటీలు పోతే హాజరు బోనస్ కూడా పోతుంది. మీ 14 వేల లెక్కలో అది లేదు, ఎందుకంటే కార్యదర్శి గారికి స్పెషల్ లీవ్ ఉంటుంది కాబట్టి మీకెవరికీ గుర్తు రాలేదు. ఇంకా ఒకటుంది, మీ కమిటీలో ఒకరికి మా సూపర్‌వైజర్ బావమరిది అవుతాడు. ఆదివారం మీటింగ్‌లో నా పేరు చదివితే సోమవారం గేటు దగ్గర నా బండి ఇంకొకడికి ఇస్తారు.

రాజురా_రాజన్న:
తమ్మీ, ఈ మాట మొదటే రాసి ఉంటే నేను దండగ అని ఇంత పొడుగు రాసేవాణ్ణి కాదు. నాలుగు డ్యూటీల డబ్బులో సగం నేనిస్తా, సదస్సు మీద నమ్మకంతో కాదు.

సేఫ్టీ_తమ్ముడు:
పోతే ఆ ఒక పేజీ 30 కాపీలు తీసుకుని పో అన్నా. మైకు దొరకకపోయినా టీ దగ్గర చేతిలో పెట్టొచ్చు. వేరే రాష్ట్రాల ఓబీ వాళ్ళు ఎవరైనా కనిపిస్తే నంబర్ తీసుకో, వాళ్ళ దగ్గర మెడికల్ కాగితం ఎలా ఇస్తున్నారో అడుగు.

వర్ధా_ఒడ్డు:
డ్రైవర్ ఒకటిగా మా ఆయన వివరాలు రాసుకోండి. తేదీలు నా దగ్గర క్యాలెండర్ల మీద ఉన్నాయి, రేపు తీసి పంపుతా.

బల్లార్షా_బండి:
సరే. మీటింగ్‌లో ఓబీ నుంచి ఒకరు అని మాత్రమే రాయిస్తా, పేరు చదవను, నాలుగు డ్యూటీల డబ్బు ఖర్చులో చేర్చమని పట్టుబడతా. ఒప్పుకుంటారో లేదో ఆదివారం రాత్రి ఇక్కడే రాస్తా. తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌కి ఇప్పుడే టికెట్ తీయకపోతే వెయిటింగ్‌లో పడతాం, దానికి ఆధార్‌లో ఉన్న పేరూ వయసూ కావాలి తమ్మీ. అది ఇక్కడ పెట్టకు, నాకు ఒక్కడికే పంపు.