మిరప ఘాటుకు దగ్గు ఎందుకు వస్తుంది?

ప్రశ్న (గుంటూరు): మా నాన్నగారు 20 ఏళ్లుగా మిర్చి యార్డులో కాటా పని చేస్తున్నారు. ఆయన బట్టల మీది ఘాటుకే ఇంట్లో అందరికీ దగ్గు వస్తుంది. ఆ దుమ్ము ఊపిరితిత్తుల దాకా చేరుతుందా?

జవాబు 1: దగ్గు రావడం, దుమ్ము లోపలికి చేరడం వేర్వేరు విషయాలండీ. మిరపలోని క్యాప్సైసిన్ శ్వాసమార్గపు గోడల్లో వేడిని గుర్తించే నాడీ కొసలను రేపగా, ఆ సంకేతం వేగస్ నాడి ద్వారా మెదడుకు చేరి, కంఠద్వారం క్షణకాలం మూసుకుని, పొట్ట కండరాలు బిగుసుకుని, ఒత్తిడి పెరిగిన గాలి ఒక్కసారిగా బయటకు దూసుకొస్తుంది.

జవాబు 2 (విజయవాడ): పెద్ద రేణువులు చాలావరకు ముక్కులోనే ఆగిపోతాయి. శ్వాసనాళాల్లో చిక్కినవాటిని శైలికలనే సూక్ష్మమైన కేశాలు కళ్లెతో సహా గొంతు వైపు నెడతాయి. 2.5 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కంటే చిన్నవి మాత్రం ఊపిరితిత్తుల చివర ఉండే చిన్న గాలి సంచులైన వాయుగోణుల దాకా వెళ్లగలవు. అక్కడ శైలికలు లేనందున భక్షక కణాలే వాటిని మింగాలి, అది నెమ్మదిగా సాగే పని. పొగ తాగితే శైలికలు దెబ్బతింటాయి కనుక, నాన్నగారికి ఆ అలవాటుంటే ముందు దానిని మాన్పించండి.

అడిగినవారు: ఆ అలవాటు లేదండీ. ముఖానికి తువ్వాలు కట్టుకుంటారు, సరిపోతుందా?

జవాబు 2: తువ్వాలు ముతక దుమ్మును ఆపినా సన్నని రేణువులను ఆపలేదు, ముఖానికి బిగుతుగా అమరే ఎన్‌95 మాస్కు మేలు. దగ్గు రెండు వారాలు దాటితే మాత్రం ఘాటు వల్లనేనని ఊరుకోకుండా డాక్టరుకు చూపించి, కళ్లె పరీక్ష చేయించండి.