1,80,000 కి.మీ. దాటిన ఇంజిన్ ఆయిల్ తాగుతోంది: పోస్తూ నడపాలా, విప్పాలా?

పాతబండి
నా పెట్రోల్ కారు 1,80,000 కి.మీ. దాటింది. నాలుగు సిలిండర్లు, టర్బో లేదు. ఆరు నెలల కిందటి వరకూ ఒక సర్వీసుకీ ఇంకో సర్వీసుకీ మధ్య ఆయిల్ పొయ్యాల్సిన అవసరమే రాలేదు. ఇప్పుడు 1,000 కి.మీ.కి 650 మి.లీ. దాకా పోతోంది. కింద ఒక్క చుక్క కూడా పడటం లేదు. పొగ కనబడటం లేదు. కూలెంట్ తగ్గలేదు. సిలిండర్లలో ఒత్తిడి ఎంత నిలుస్తుందో చూసే కంప్రెషన్ టెస్ట్ చేయిస్తే నాలుగు సిలిండర్లూ బాగానే ఉన్నాయి.

సర్వీస్ సెంటర్ వాళ్లు "ఇంత తిరిగిన బండికి ఇది మామూలే" అని పంపించేశారు. తెలిసిన మెకానిక్ ఇప్పుడు పోస్తున్న పల్చటి 5డబ్ల్యూ-30 ఆయిల్ మానేసి చిక్కటి 20డబ్ల్యూ-50 పొయ్యమన్నాడు. ఇంకొకాయన ఇంజిన్ విప్పాల్సిందే అన్నారు. ముగ్గురివీ మూడు మాటలు. రోజూ తాళం తిప్పాలంటేనే టెన్షన్‌గా ఉంది. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

రెంచ్‌చేయి
ఇరవై ఏళ్లుగా ఇంజిన్లు విప్పి బిగిస్తున్నాను, ఆ అనుభవంతో చెబుతున్నాను. కంప్రెషన్ బాగుందంటే పిస్టన్ రింగులు బాగున్నట్టే. ఇంజిన్ జోలికి పోకండి. కొంచెం చిక్కటి ఆయిల్ పోసి, డిప్‌స్టిక్ చూసుకుంటూ నడపండి. కొన్ని కంపెనీల మాన్యువల్స్‌లోనే 1,000 కి.మీ.కి లీటరు దాకా పోవచ్చని రాసి ఉంటుంది. మీకు పోయేది 650. పోస్తే సరిపోతుంది.

హైవేబాట
నాదీ ఇదే పరిస్థితి. లీటరు డబ్బా ఎప్పుడూ డిక్కీలో ఉంటుంది. రెండేళ్లుగా ఏ ఇబ్బందీ లేదు.

కొలతముఖ్యం
రెంచ్‌చేయి గారూ, "కంప్రెషన్ బాగుంటే రింగులు బాగున్నట్టే" అన్న మాట దగ్గరే ఆగాలి. పిస్టన్‌కి సాధారణంగా మూడు రింగులుంటాయి. పై రెండూ కంప్రెషన్ రింగులు, కిందది ఆయిల్ రింగు. సిలిండర్ గోడ మీది ఆయిల్‌ని గీకి, తాను కూర్చున్న గాడిలోని సన్నటి రంధ్రాల గుండా కిందికి పంపడం దాని పని. ఆ రంధ్రాలు మసితో పూడిపోయి ఆయిల్ రింగు గాడిలో బిగుసుకుపోయినా, పై రెండూ సరిగ్గా ఉంటే టెస్ట్‌లో అంకెలు చక్కగానే వస్తాయి. వాల్వ్ సీళ్లు, అంటే వాల్వుల పక్కనుంచి ఆయిల్ సిలిండర్‌లోకి జారకుండా ఆపే రబ్బరు ముక్కలు, ఎండిపోయినా అంతే, ఆ టెస్ట్‌లో తెలియదు. అంటే పాతబండి గారికి వచ్చిన అంకెలు ఆయిల్ ఎక్కడికి పోతోందో చెప్పడం లేదు.

ఇది నేను ఊహించి చెబుతున్నది కాదు. టయోటా 2.4 లీటర్ల 2ఏజెడ్-ఎఫ్‌ఈ ఇంజిన్, అంటే 2007–2009 కామ్రీలో వచ్చినది, సరిగ్గా ఇందుకే పేరుపడింది. 2011లో కంపెనీయే సర్వీస్ బులెటిన్ ఇచ్చింది. 1,200 మైళ్లకి, అంటే సుమారు 1,900 కి.మీ.కి, ఒక క్వార్టు కన్నా ఎక్కువ పోతే పిస్టన్లు, రింగులు మార్చమంది. క్వార్టంటే లీటరుకి కాస్త తక్కువ. ఆ లెక్కన పాతబండి గారి బండి హద్దు దాటేసింది. "మామూలే" అన్న మాటకి కొలత ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటుంది.

రెంచ్‌చేయి
ఒక కంపెనీలో ఒక ఇంజిన్‌కి వచ్చిన జబ్బు అన్ని ఇంజిన్లకీ అంటగట్టకూడదు. రింగులు పోతే బ్యాక్ కంప్రెషన్ వస్తుంది, అంటే మండిన గ్యాసు రింగులు దాటి ఇంజిన్ అడుగుకి దూరుతుంది. ఆయిల్ మూత తీస్తే పొగ గుప్పుమంటుంది. ఆయన బండికి అది లేదు కదా? సైలెన్సర్ నుంచి కూడా పొగ లేదంటున్నారు. ఆయిల్ కాలితే నీలి పొగ రావాలి.

కొలతముఖ్యం
రానక్కర్లేదు. లెక్క వేద్దాం. గంటకి 60 కి.మీ. వేగం, నిమిషానికి 2,000 చుట్లు అనుకుంటే, 1,000 కి.మీ.కి 1,000 నిమిషాలు, అంటే 20 లక్షల చుట్లు. నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో చుట్టుకి రెండు సార్లు మంట అంటుకుంటుంది. మొత్తం 40 లక్షల సార్లు. అందులో 650 మి.లీ. పోతే 300 మంటలకి ఒక్క చుక్క. అది కూడా కాలాక పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ గుండా వెళ్తుంది. ఇంక కంటికి ఏం కనబడుతుంది? అదే 650 మి.లీ. స్టార్ట్ చేసిన వెంటనే ఒక్కసారిగా కాలితే మాత్రం కనబడుతుంది. వాల్వ్ సీళ్లు పోయిన బండ్లు అందుకే పొద్దున్నే ఒక్క గుప్పు కొట్టి ఊరుకుంటాయి.

నీలిపొగ
నా బండి సరిగ్గా అంతే. పొద్దున్నే ఒక్కసారి వదులుతుంది, తర్వాత రోజంతా ఏమీ ఉండదు. సీళ్లు మారిస్తే తగ్గింది.

రెంచ్‌చేయి
సీళ్లు మార్చమంటే నేనూ ఒప్పుకుంటాను. దానికి ఇంజిన్ విప్పనక్కర్లేదు. ప్లగ్గు రంధ్రంలోంచి సిలిండర్‌లోకి గాలి పట్టి, వాల్వులు జారకుండా ఆపి, హెడ్ దించకుండానే మార్చొచ్చు. నేను చాలా బండ్లకి చేశాను. నా అభ్యంతరం రింగుల దాకా వెళ్లడం మీదే.

సెకండ్‌హ్యాండ్
20డబ్ల్యూ-50 పోస్తే తప్పేంటి? మా నాన్నగారు అన్ని బండ్లకీ అదే పోసేవారు.

కొలతముఖ్యం
అప్పటి ఇంజిన్లకి సరిపోయి ఉండొచ్చు. ఇప్పటి వాటిలో వాల్వ్ టైమింగ్ మార్చే భాగాలు ఆయిల్ ప్రెషర్ మీదే నడుస్తాయి. వాటి వాల్వులలో దారులు చాలా సన్నం. చల్లగా ఉన్నప్పుడు 20డబ్ల్యూ నూనె పైదాకా చేరడం ఆలస్యం. ఇంజిన్ అరుగుదల ఎక్కువయ్యేదీ ఆ మొదటి క్షణాల్లోనే.

ఆయిల్ మార్చాలనుకుంటే కంపెనీ ఒప్పుకునే గ్రేడ్‌లోనే తక్కువ ఆవిరయ్యేది చూడండి. నోయాక్ పరీక్ష అని ఒకటుంది. ఆయిల్‌ని 250 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచి ఎంత శాతం ఆవిరైందో చూస్తారు. ఐఎల్‌ఎస్‌ఏసీ అనే ఆయిల్ ప్రమాణంలో హద్దు 15 శాతం, యూరప్ వాళ్ల ఏసీఈఏ ఏ3/బీ4 ప్రమాణంలో 13. మంచి సింథటిక్ ఆయిళ్లలో ఇది 10 లోపు ఉన్నవీ దొరుకుతాయి. డబ్బా మీద రాయరు, కంపెనీ డేటా షీట్‌లో ఉంటుంది.

రెంచ్‌చేయి
షీట్లు చదివి ఇంజిన్లు నడపలేం. నేను చేత్తో ముట్టుకుని చూశాను, మీరు కాగితం మీద చూశారు. చిక్కటి ఆయిల్ పోశాక ఆయిల్ తాగడం తగ్గిన బండ్లు ఎన్ని చూశానో నాకే లెక్క లేదు.

కొలతముఖ్యం
తగ్గింది సరే, బాగైందా? ఆ తేడా మీరు ఎప్పుడూ చెప్పరు. చెప్పకుండా నడిపించిన బండి ఒకటి నా చేతికి వచ్చింది కాబట్టే ఇంత గట్టిగా అంటున్నాను. ఒకాయన దగ్గర వాడిన కారు కొన్నాను. "ఆయిల్ తాగదు, కావాలంటే చూసుకోండి" అన్నాడు. రెండు వారాలు చూశాను, నిజంగానే తాగలేదు. తర్వాత ఆయిల్ మార్పించి మాన్యువల్‌లో ఉన్న గ్రేడ్ పోయించాను. 700 కి.మీ.కి లీటరు మాయమైంది. అంతకు ముందు లోపల ఉన్నది బాగా చిక్కటి ఆయిలని తీసేటప్పుడు మెకానిక్ వేళ్ల మధ్య రుద్ది చెప్పాడు. ఏడాదికి క్యాటలిటిక్ కన్వర్టర్ కూడా పోయింది. ఆయిల్‌లో ఉండే ఫాస్ఫరస్ దాని మీద పేరుకుంటే అది పనిచేయదు. ఇంజిన్‌లో జబ్బుని చిక్కటి నూనెతో కప్పి నాకు అమ్మారు. "చిక్కటిది పొయ్యి, నడుపు" అన్న మాట వినగానే నాకు ఆ మనిషే గుర్తొస్తాడు.

హైవేబాట
ఇద్దరూ కాస్త తగ్గండి. ఆయన అడిగింది ఆయన బండి గురించి.

రెంచ్‌చేయి
నన్ను బండ్లు దాచిపెట్టి అమ్మేవాడితో కలిపి మాట్లాడటం నాకు నచ్చలేదు. నేను ఎవరికీ ఏదీ దాచి అమ్మలేదు.

విప్పొద్దని ఎందుకంటున్నానో ఇప్పుడు చెబుతాను. ఈ పనిలో కొత్తగా ఉన్నప్పుడు ఒక పెద్దాయన బండి తెచ్చారు. 1,000 కి.మీ.కి అర లీటరు తాగేది. నేనే విప్పుదామన్నాను. రింగులు కొత్తవి వేశాను. బోర్, అంటే సిలిండర్ లోపలి వెడల్పు, కొలవలేదు. సిలిండర్ పైన ఒక కొలత, కింద ఒక కొలతగా అరిగిపోయి, కొంచెం కోడిగుడ్డు ఆకారంలోకి వచ్చేసిందని నాకు తెలియలేదు. గోడని సన్నగా గరుకు చేసే హోనింగ్ కూడా సరిగ్గా చేయలేదు. గోడ అద్దంలా నున్నగా ఉంటే కొత్త రింగు కూర్చోదు. మూడు నెలల్లో లీటరు తాగడం మొదలుపెట్టింది. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. నడిచే ఇంజిన్‌ని నా చేతులతో పాడుచేశాను. ఆ తర్వాత బోర్ గేజ్ లేకుండా ఏ ఇంజిన్ విప్పలేదు. గేజ్ లేకుండా విప్పేవాళ్లు ఈ పనిలో చాలామంది ఉన్నారు. పాతబండి గారి ఇంజిన్‌ని ఎవరు విప్పుతారో మీకు తెలుసా? నాకు తెలియదు. తెలియనప్పుడు డబ్బాతో పొయ్యమనడమే నాకు చేతనైన మంచి సలహా.

కొలతముఖ్యం
కోపంలో ఆ మనిషితో మిమ్మల్ని పోల్చాను, తప్పు. క్షమించండి. బోర్ కొలవకుండా రింగులు వెయ్యకూడదన్న మాట నూటికి నూరు పాళ్లు నిజం. నేను ఇంతసేపూ విప్పమని అనలేదు, ఎక్కడికి పోతోందో కనుక్కోమన్నాను. మీరు దాన్ని విప్పడమని వింటున్నారు. మీరు పొయ్యమంటే నేను కప్పిపెట్టమని విన్నాను.

రెంచ్‌చేయి
కనుక్కోవడం వరకైతే నాకు గొడవే లేదు. మొదట పీసీవీ వాల్వ్ చూడండి. ఇంజిన్ అడుగున పుట్టే ఆవిర్లని మళ్లీ లోపలికి పంపే చిన్న భాగం అది. తెరుచుకుని ఉండిపోతే ఆయిల్ ఆవిరిని ఇన్‌టేక్‌లోకి లాగేస్తుంది. మూసుకుపోతే లోపల ఒత్తిడి పెరిగి సీళ్ల దగ్గర కారుతుంది. కొన్ని ఇంజిన్లలో రబ్బరు పొర చిరుగుతుంది. ఐడిల్‌లో ఆయిల్ మూత తీయబోతే బలంగా పట్టి లాగుతుంది, ఒక్కోసారి ఈల వేసినట్టు వినిపిస్తుంది. దీనికి ఇంజిన్ విప్పనక్కర్లేదు.

కొలతముఖ్యం
దానితో పాటు కొలత కూడా సరిగ్గా ఉండాలి. ఒకే చోట, సమంగా ఉన్న నేల మీద, ఇంజిన్ ఆపిన పది నిమిషాలకి చూడండి. గరిష్ఠ గుర్తు దాకా పోసి 1,000 కి.మీ. నడిపి, మళ్లీ అదే గుర్తుకి ఎంత పట్టిందో చూడండి. చిన్న చిన్న దూరాలే తిరిగితే పెట్రోల్ కొంత ఆయిల్‌లో కలిసి మట్టం తగ్గనట్టు కనబడుతుంది. తర్వాత ఒక్క లాంగ్ డ్రైవ్‌లో అది ఆవిరైపోయి, ఒక్కరోజులో అర లీటరు పోయినట్టు భయపెడుతుంది. నాలుగు ప్లగ్గులూ తీసి, ఏది ఏ సిలిండర్‌దో గుర్తు పెట్టుకుని పక్కపక్కన పెట్టి చూడండి.

ఇంకొకటి. చాలా బండ్లలో ఆయిల్ లైటు మట్టం తగ్గినప్పుడు వెలగదు, ప్రెషర్ పడిపోయినప్పుడు వెలుగుతుంది. అది వెలిగే సరికి బేరింగులకి దెబ్బ తగిలి ఉండొచ్చు. దాని కోసం ఎదురుచూడకండి.

సెకండ్‌హ్యాండ్
లైటు సంగతి నాకు ఇన్నాళ్లూ తెలియదు. ఇప్పుడే కిందికెళ్లి డిప్‌స్టిక్ చూసొచ్చాను. కనిష్ఠ గుర్తు కన్నా కిందుంది.

పాతబండి
మూడు వారాల తర్వాత రాస్తున్నాను. పీసీవీ వాల్వ్ పొర నిజంగానే చిరిగిపోయింది. ఆయిల్ మూత తీయడానికి గట్టిగా లాగాల్సి వచ్చేది. మొదట్నుంచీ అలాగే ఉండేదేమో అనుకుని పట్టించుకోలేదు. మార్పించాక కొలిచి చూశాను. 1,000 కి.మీ.కి 380 మి.లీ. గ్రేడ్ మార్చలేదు. అదే 5డబ్ల్యూ-30.

ప్లగ్గులు తీయిస్తే మూడో సిలిండర్‌ది మాత్రం నల్లగా తడిగా, బూడిద పేరుకుని ఉంది. మిగతా మూడూ శుభ్రం.

కొలతముఖ్యం
ఒక్క సిలిండరే అంటే ఆ 380లో చాలా భాగం అక్కడే పోతోందనుకోవాలి. ప్లగ్గు రంధ్రంలోంచి బోరోస్కోప్ అనే సన్నటి కెమెరా పెట్టించి గోడ మీద గీతలున్నాయేమో చూడండి. గోడ బాగుంటే తర్వాతి అనుమానం వాల్వ్ సీలు మీద పెట్టుకోవచ్చు.

హైవేబాట
650 నుంచి 380కి వచ్చింది కదా, ఇంక వదిలేయొచ్చు.

రెంచ్‌చేయి
నేనైతే 380తో నడిపిస్తాను, ఆ మాట మార్చుకోను. కానీ సీలు అనుమానం ఉందంటే దానికో చిన్న పరీక్ష ఉంది. రాత్రంతా ఆగిన బండిని పొద్దున్నే స్టార్ట్ చేసేటప్పుడు ఇంట్లో ఒకర్ని సైలెన్సర్ వెనకాల నిలబెట్టండి. డ్రైవర్ సీటులోంచి మీకు కనబడదు. మొదటి ఐదు సెకన్లలో ఏం వస్తుందో, ఏ రంగులో వస్తుందో వాళ్లని అడిగి ఇక్కడ రాయండి. ఆ తర్వాత మాట్లాడదాం.

పాతబండి
రేపు పొద్దున్నే చూసి చెబుతాను.