చెరువు ఎక్కడుందో చెప్పకపోతే స్వార్థమా?

వేళచ్చేరి కోడలు:
డిసెంబర్‌లో చెన్నై నుంచి మా పిన్ని వాళ్ళ ఊరికి వెళ్ళాం. దొరవారిసత్రం నుంచి బాగా లోపలికి, బస్సు కూడా సరిగా రాని పల్లె. ఈసారి వానలు బాగా పడ్డాయి, ఊరి చివర చెరువు కట్ట అంచుదాకా నిండింది. నీళ్ళలో సగం మునిగిన కడప చెట్లు, వాటి మీద నలభై యాభై గూడబాతులు (పెలికాన్లు), నత్తగుల్ల కొంగలు. పొద్దున ఆరున్నరకి పాపా నేనూ వెళ్ళి కట్ట మీద కూర్చున్నాం. ఒక గూడబాతు పుల్ల కరుచుకొచ్చి గూట్లో ఉన్నదానికి అందించింది. అది తీసుకుని అటు పెట్టింది, నచ్చలేదేమో మళ్ళీ లాగి ఇటు పెట్టింది. ఇంట్లో రెండు నిమిషాలు కుదురుగా కూర్చోని మా పిల్ల గంటసేపు కదల్లేదు.

ఆ ఫొటోలు రెండు మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూప్‌లో పెట్టాను. ఇక లొకేషన్ పెట్టండి, ఆదివారం అందరం వెళ్దాం అని వరసగా మెసేజ్‌లు. నేను పెట్టలేదు. ఒకాయన "చెరువు మీ సొంత ఆస్తా?" అన్నారు, ఇంకొకావిడ స్వార్థం అన్నారు. రెండు రోజులుగా అదే టెన్షన్. నేను చేసింది తప్పా? మీరైతే ఏం చేసేవారు?

అన్నానగర్ నాన్న:
అక్కా, ఏమీ అనుకోకండి, నేను ఆ మాట అన్నవాళ్ళ వైపే. మీకు ఆ ఊళ్ళో పిన్ని ఉన్నారు కాబట్టి మీ పాప చూసింది. పిన్ని లేనివాళ్ళ పిల్లల సంగతేంటి? మావాడికి తొమ్మిదేళ్ళు, వాడికి తెలిసిన చెరువల్లా కారు అద్దంలోంచి కనిపించే పుళల్ నీళ్ళే. టీ నగర్, పడమటి మాంబళం వైపు కూడా ఒకప్పుడు పెద్ద చెరువు ఉండేది, 1920లలో పూడ్చడం మొదలుపెట్టి ఇళ్ళు కట్టారు, ఇప్పుడు లేక్ వ్యూ రోడ్ అన్న పేరు ఉంది గానీ చూద్దామంటే చుక్క నీరు లేదు. పదిమందీ చూసి ఇష్టపడ్డ చెరువైతే రేపు ఎవరైనా పూడుస్తుంటే అడ్డం పడేవాళ్ళు ఉంటారు. ఎవరికీ తెలియని చెరువు పోయినా ఎవరికీ తెలియదు. పైగా మనుషులు వస్తే ఆ ఊళ్ళో టీ కొట్టుకైనా నాలుగు రూపాయలు వస్తాయి.

పెరంబూర్ బైక్:
నేను లొకేషన్ పెట్టినవాణ్ణి. గుమ్మిడిపూండి అవతల ఒక చిన్న చెరువు, మూడేళ్ళ కిందట ఇన్‌స్టాగ్రామ్‌లో పిన్‌తో సహా పెట్టాను. రెండు నెలల్లో టెంట్లు వచ్చాయి, స్పీకర్లు వచ్చాయి. మళ్ళీ వెళ్ళేసరికి తూము దగ్గర బిర్యానీ డబ్బాలు, పగిలిన సీసాలు. ఒక పెద్దాయన తన గేదె కాలెత్తి చూపించాడు, గిట్టల మధ్య గాజు పెంకు దిగి చీము పట్టి ఉంది. ఎవరో మహానుభావులు ఫోన్లో పెట్టారంటయ్యా అన్నాడు. నేనేనని చెప్పలేకపోయాను. ఇంటికొచ్చి పోస్ట్ తీసేశాను, అప్పటికే అది ఎంతమంది ఫోన్లలో ఉందో. చెప్పకండి అక్కా.

అన్నానగర్ నాన్న:
సీసాలు పగలగొట్టినవాళ్ళది తప్పు. దానికి మా పిల్లలకు శిక్ష ఏంటి?

అంబత్తూరు లేత్:
మాది పెళ్ళకూరు వైపు, పాతికేళ్ళుగా ఇక్కడే పని. మీరందరూ చెప్పాలి, చెప్పకూడదు అని మీలో మీరే వాదించుకుంటున్నారు, ఒక్కరైనా ఆ ఊరివాళ్ళను అడగమన్నారా? మీకది చూసే చోటు, వాళ్ళకి కింద నారుమళ్ళున్నాయి. తూము ఎప్పుడు ఎత్తాలి, ఎవరి కాలవకి ఎన్నాళ్ళు నీళ్ళు, కలుజు (అలుగు) పొర్లేటప్పుడు రాత్రిపూట కాపలా ఎవరు, ఇవన్నీ ఊళ్ళో కూర్చుని, అరుచుకుని, తేల్చుకున్న సంగతులు. చేపలు వేలంపాటలో పాడుకున్నవాడు అప్పు తెచ్చి చేపపిల్లలు వదిలి ఉంటాడు. ఆడవాళ్ళు బట్టలుతుక్కునే రేవు మీదికి డ్రోన్ ఎగరేస్తే వాళ్ళ మొహాలు ఎవరి ఫోన్లోకి పోతాయో వాళ్ళకి తెలీదు. ఇదంతా పట్టించుకోకుండా లొకేషన్ మీద గొడవేంటి?

పక్షులను ఇన్నాళ్ళు కాపాడిందీ ఊళ్ళే. వేడంతాంగల్ మనకి వంద కిలోమీటర్లు కూడా లేదు. తెల్ల సిపాయిలు అక్కడ కొంగలను కాలుస్తుంటే ఊరివాళ్ళు చెంగల్పట్టు కలెక్టర్ లయొనెల్ ప్లేస్ దగ్గరికి పోయి మొరపెట్టుకుని 1798లోనే పక్షులను కాపాడుకునే హక్కు కాగితం మీద రాయించుకున్నారు. ముచ్చట కోసం చేసిన పని కాదది. రెట్ట కలిసిన నీళ్ళు పొలానికి బలం. మా నాయన కూడా గూడబాతులు దిగిన ఏడు ఎరువు తగ్గించి వేసేవాడు. శివగంగ వైపు వేట్టంగుడి చెరువు దగ్గర ఊళ్ళోవాళ్ళు పక్షులు బెదురుతాయని దీపావళికి టపాసులే కాల్చరు. పండగ రోజు పిల్లల్ని ఆపడం ఎంత కష్టమో మనందరికీ తెలుసు.

గూళ్ళ కాలంలో గూడబాతు ఒక్కసారి బెదిరి లేచిందంటే గుడ్లు, ఈకలు రాని పిల్లలు ఎండకి అట్లాగే పడి ఉంటాయి, కాకులు పక్క కొమ్మ మీద కాచుకునే ఉంటాయి. "ఈడ అరవబాకండ్రా" అని మా నాయన ఊరి పిల్లలమైన మమ్మల్నే కట్ట మీదనుంచి తరిమేవాడు. నలభైమంది ఒకేసారి దిగితే ఎవరు తరుముతారు?

పిల్లలకి చూపించాలంటే నేలపట్టు పక్షుల కేంద్రం ఉంది కదా. సూళ్ళూరుపేట దాకా మన దగ్గర్నుంచి లోకల్ రైలుంది, అక్కడినుంచి ఆటో. వాచ్‌టవర్ ఉంది, అటవీ శాఖ వాళ్ళుంటారు. అక్కడి గూడబాతులు మేతకి పులికాట్ సరస్సు దాకా పోయి వస్తాయి. అది ఉప్పు కలిసిన నీరు, గూడు మాత్రం మంచినీళ్ళ చెరువులో చెట్ల మీదే. మీవాడికి ఆ సంగతి చెప్పి చూపించండి, ఎగిరి గంతేస్తాడు. అక్కా, మీరు మాత్రం ముందు పిన్నిగారికి ఫోన్ చెయ్యండి. ఆ చెరువు ఎక్కడుందో చెప్పడమా మానడమా అన్నది మీరు ఒక్కరే తేల్చేది కాదు.

అన్నానగర్ నాన్న:
నేలపట్టు వెళ్ళొచ్చాం అన్నా, ఫ్లెమింగో ఫెస్టివల్ అప్పుడు. వాణ్ణి భుజాల మీద ఎక్కించుకుంటే జనం తలలే కనిపించాయి. అక్క చెప్పిన పుల్ల సంగతి చదివాక నాకే మనసు లాగింది, అందుకే అంత గట్టిగా అన్నాను. ఊరివాళ్ళను అడగాలన్న మాట మాత్రం నాకు తట్టలేదు, ఒప్పుకుంటాను. అడిగితే రానిస్తారంటారా?

వేళచ్చేరి కోడలు:
పిన్నికి ఫోన్ చేశాను. మామయ్య సాయంత్రం రచ్చబండ దగ్గర అడిగారట, గంటసేపు మాట్లాడుకున్నారట. ఇప్పుడైతే ఎవరూ వద్దు, గూళ్ళు ఖాళీ అయ్యాక మార్చి ఆఖర్లో రమ్మన్నారు. నాలుగు కుటుంబాలకు మించకూడదు, కార్లు రామాలయం దగ్గరే ఆపి నడవాలి, రేవు వైపు పోకూడదు, పాటలు పెట్టకూడదు. అన్నం పిన్నీ పక్కింటి ఆవిడా వండుతారు, దానికి డబ్బులివ్వాలని నేనే అన్నాను, పిన్ని మొహమాటపడింది గానీ పక్కింటావిడ ఒప్పుకుంది.

గ్రూప్‌లో ఇదంతా పెట్టాను. పక్షులు లేనప్పుడు వచ్చి ఏం చూస్తాం అని చాలామంది తప్పుకున్నారు. మూడు కుటుంబాలు మిగిలాయి. అన్నానగర్ తమ్ముడూ, నాలుగోది మీరు. మార్చిలో కూడా నీటికాకులు ఉంటాయట, రెక్కలు చాపుకుని ఆరబెట్టుకుంటూ తూము రాళ్ళ మీద కూర్చుంటాయని పిన్ని చెప్పింది. లొకేషన్ పెట్టను, సూళ్ళూరుపేట స్టేషన్ బయట కలుద్దాం.