సున్నా డిగ్రీల మట్టానికి పైన ఇంకా వాన చినుకులేనా? రాడార్ చిత్రంలో జెడ్‌డీఆర్ స్తంభంపై సందేహం

ప్రశ్న:

అందరికీ నమస్కారం. నేను ఓక్లహామాలో వాతావరణ శాస్త్రం చదువుతున్నాను. ఓక్లహామా సిటీ దగ్గరి కేటీఎల్‌ఎక్స్ వాతావరణ రాడార్ లెవెల్ 2 సమాచారాన్ని (వివరమైన మూల కొలతలను) పై-ఆర్ట్ అనే సాఫ్ట్‌వేర్‌తో గీసి చూస్తున్నాను. రాడార్‌కు 40 కిలోమీటర్ల దూరంలోని ఒక ఉరుముల మేఘంలో, రాడార్ బీమ్‌ను నేల నుంచి 8 డిగ్రీల కోణంలో ఎత్తినప్పుడు జెడ్‌డీఆర్ (అడ్డ, నిలువు ధ్రువణాల్లో తిరిగివచ్చే సంకేతాల బలాల తేడా) 3 డెసిబెల్స్ వచ్చింది. ఆ సాయంత్రం నార్మన్‌లో వదిలిన బెలూన్ ప్రకారం సున్నా డిగ్రీల మట్టం 4.1 కిలోమీటర్లు కాగా, ఈ కోణం అంత దూరంలో దాదాపు 5.7 కిలోమీటర్ల ఎత్తును తాకుతుంది. అక్కడ మంచు ఉండాలి కదా? పైనున్న 10 డిగ్రీల కోణంలో ఆ విలువ 0.5కు పడిపోయి, సహసంబంధ గుణకం (ఆ రెండు సంకేతాలు ఎంతగా పోలి ఉన్నాయో చెప్పే కొలత) కూడా 0.93కు దిగింది. ఇది రాడార్ లోపమా, లేక వడగళ్ళు అక్కడే మొదలయ్యాయని రాసుకోవచ్చా?

మొదటి జవాబు:

లోపం కాదండీ, మీకు కనిపించింది జెడ్‌డీఆర్ స్తంభం, అంటే మేఘంలో పైకి లేచే గాలి చినుకులను సున్నా మట్టం పైకి మోసుకెళ్ళిన చోట జెడ్‌డీఆర్ ఎక్కువగా కనిపించే నిలువు భాగం. పెద్ద చినుకు పడేటప్పుడు గాలి ఒత్తిడికి అడుగున చదునై ఇడ్లీ ఆకారంలోకి వస్తుంది కాబట్టి, అడ్డ ధ్రువణంలో (తరంగం అడ్డంగా కంపించేలా పంపినప్పుడు) తిరిగివచ్చే సంకేతం నిలువు ధ్రువణంలో వచ్చేదానికంటే బలంగా ఉంటుంది. ఆ తేడాయే జెడ్‌డీఆర్. 5.7 కిలోమీటర్ల దగ్గర 3 డెసిబెల్స్ వచ్చిందంటే అక్కడ ఇంకా నీరే ఉందని అర్థం.

నీరు సున్నా దాటగానే గడ్డకట్టదు. గడ్డకట్టడం మొదలైనా, వెలువడే గుప్తోష్ణాన్ని చినుకు బయటికి వదిలించుకోవాలి. అది పూర్తయ్యేదాకా దాని ఉష్ణోగ్రత సున్నా దగ్గరే నిలుస్తుంది, పెద్ద చినుకుకు ఇందుకు నిమిషాలు పడుతుంది. ఈలోగా ఊర్ధ్వ ప్రవాహం (ఆ పైకి లేచే గాలి) సెకనుకు 20 మీటర్లయితే, సెకనుకు 9 మీటర్ల వేగంతో పడే చినుకు కూడా నిమిషానికి 600 మీటర్లకు పైగా పైకే పోతుంది. పైగా బెలూన్ చెప్పిన 4.1 కిలోమీటర్లు మేఘం బయటి గాలికి వర్తించే లెక్క. ఊర్ధ్వ ప్రవాహం వెచ్చగా ఉంటుంది కనుక, దాని లోపల సున్నా మట్టం ఇంకా పైన ఉంటుంది.

ఇక 10 డిగ్రీల కోణం సంగతి. చినుకు పైపొర గడ్డకట్టాక అది దొర్లడం మొదలుపెడుతుంది, అందువల్ల అడ్డం నిలువుల తేడా చెరిగిపోతుంది. మంచు రేడియో తరంగాలను నీటికంటే బలహీనంగా వెనక్కి పంపుతుంది కాబట్టి, అదే పరిమాణంలోని చినుకు పూర్తిగా గడ్డకడితే పరావర్తనం సుమారు 7 డెసిబెల్స్ తగ్గుతుంది. నీరు, సగం గడ్డకట్టినవి, పూర్తిగా గడ్డకట్టినవి ఒకే చోట కలిసినందున సహసంబంధ గుణకం దిగింది. కనుక దాన్ని గడ్డకడుతున్న చినుకుల పొరగా రాసుకోండి, వడగళ్ళుగా ఇప్పుడే రాయకండి. ఎల్‌డీఆర్ కొలత (ఒక ధ్రువణంలో పంపిన తరంగం రెండో ధ్రువణంలో ఎంత తిరిగివస్తుందో చెప్పేది) ఉంటే ఈ పొర ఇంకా స్పష్టంగా తేలేది. కానీ మీ కేటీఎల్‌ఎక్స్ రాడార్ రెండు ధ్రువణాలనూ ఒకేసారి పంపుతుంది గనుక ఆ కొలత రాదు. కొలరాడోలోని సీఎస్‌యూ-చిల్ వంటి పరిశోధన రాడార్లలో అది దొరుకుతుంది.

అడిగినవారు:

ధన్యవాదాలండీ. అయితే స్తంభం ఎత్తు 5.7 కిలోమీటర్లని రాయవచ్చా? వడగళ్ళ సంగతి ఎక్కడ చూడాలి?

మరొకరి జవాబు:

అంత కచ్చితంగా రాయకండి. 40 కిలోమీటర్ల దగ్గర 6.4, 8, 10 డిగ్రీల కోణాలు వరుసగా 4.5, 5.7, 7 కిలోమీటర్ల ఎత్తును చూస్తాయి, మధ్యలో ఖాళీయే. స్తంభం కొస 5.7కూ 7కూ నడుమ ఎక్కడో ఉందని మాత్రమే మీ సమాచారం చెబుతోంది. బీమ్ వెడల్పు ఒక డిగ్రీ కాబట్టి ఆ దూరంలోనే అది 700 మీటర్లు, 100 కిలోమీటర్ల దగ్గర 1.7 కిలోమీటర్లు; కొద్ది కిలోమీటర్ల వెడల్పున్న స్తంభం అక్కడ చెదిరిపోతుంది. మరీ దగ్గరైనా చిక్కే, 19.5 డిగ్రీలకు పైన ఈ రాడార్ చూడదు. గ్రిడ్‌గా మార్చి గీసిన నునుపైన నిలువుకోత బొమ్మను నేనైతే ఎత్తు కొలవడానికి నమ్మను. ఒక్కో కోణాన్నీ విడిగా చూడండి. కింది కోణానికీ పై కోణానికీ మధ్య నిమిషాలు గడుస్తాయని, ఈలోగా మేఘం మారుతుందని కూడా గుర్తుంచుకోండి.

గడ్డకట్టిన చినుకు వడగల్లుకు బీజం మాత్రమే. అతిశీతల నీటిని (సున్నా కంటే చల్లబడినా గడ్డకట్టని నీటిని) పోగుచేసుకుంటూ పెరిగి నేల చేరడానికి సమయం కావాలి కనుక, స్తంభం ఎదిగిన తర్వాత పది నిమిషాలకు పైగా ఆలస్యం కావడం సహజమే. మేఘాల అడుగు వెచ్చగా ఉండే ఓక్లహామా వైపు ఇలాంటి చినుకు బీజాల వంతు ఎక్కువ, చల్లటి అడుగున్న కొలరాడో మేఘాలలో గ్రాపెల్ (మెత్తటి చిన్న మంచు గుళికల) బీజాలు ఎక్కువ. వడగల్లును కోసి చూస్తే నడిబొడ్డు తేటగా ఉందా, పాలలా ఉందా అన్నదాన్ని బట్టి ఈ తేడా చాలావరకు తెలుస్తుంది.

అందువల్ల తర్వాతి స్కాన్లలో కింది కోణాలు తెరవండి. పరావర్తనం 55 డీబీజెడ్ (దాన్ని కొలిచే డెసిబెల్ ప్రమాణం) దాటి, జెడ్‌డీఆర్ సున్నా దగ్గరికి వచ్చి, సహసంబంధ గుణకం 0.95 కంటే తగ్గితే వడగళ్ళని అనుకోవచ్చు. ఒక్క జాగ్రత్త: సున్నా మట్టం కింద కరుగుతున్న చిన్న వడగళ్ళ చుట్టూ నీటి పొర నిలిచి, జెడ్‌డీఆర్ పెద్ద చినుకుల్లాగే ఎక్కువగా రావచ్చు. మీరు 6.4 డిగ్రీల చిత్రంతో పాటు తర్వాతి మూడు నాలుగు స్కాన్లలోని 0.5 డిగ్రీల చిత్రాలనూ ఇక్కడ పెడితే కలిసి చూద్దాం.